ఐదున్నర దాకా తెరవని తలుపు

మా తమ్ముడు కెనెత్‌కి డెబ్బై దాటాయి. ఈ మధ్య వాడికి పాతరోజుల పిచ్చి పట్టుకుంది. ఆదివారం మా ఇంటికొచ్చి టీకప్పు చేతిలో పడిందంటే చాలు, "అక్కా, మోర్‌కమ్‌లో సముద్రం ఒడ్డున గడిపిన ఆ వారాలు! ఎంత హాయి! ఇప్పుడు అన్నీ ఉండి ఏం లాభం, ఆ సుఖం ఏదీ?" అని మొదలుపెడతాడు.

హాయిట, హాయి! ఒళ్ళు మండిపోతుంది నాకు. ఆ హాయిలో వాడు జ్వరంతో వణుకుతూ వీధి గుమ్మం ముందు వానలో నిలబడ్డాడు. వాడి చెయ్యి పట్టుకున్నది నేను. నాకు బాగా గుర్తుంది.

1958 అది. నాకు పదకొండేళ్ళు, వాడికి ఏడు. మా నాన్న క్లిఫర్డ్ బర్న్‌లీలో ఓ నేతమిల్లులో మగ్గాలు బాగుచేసేవాడు. అదే మిల్లులో అమ్మ ఎల్సీ ఆరు మగ్గాలు నడిపేది. ఏటా జులైలో ఊళ్ళో మిల్లులన్నీ ఒక్కసారే మూసేసేవారు. ఊరంతా పెట్టెలు సర్దుకుని సముద్రానికి రైలెక్కేది. ఏడాది పొడుగునా ఏ మొహాలు చూసి విసిగిపోయామో ఆ మొహాలే పక్క రైలుపెట్టెలో కూర్చుని చేతులూపేవి.

మేం దిగేది మిసెస్ బ్రేస్‌వెల్ ఇంట్లో. ఆవిడ భర్త పోయాక గదులు అద్దెకిచ్చి బతికేది. ఇంటి పేరు 'సీ వ్యూ'. సముద్రం కనబడాలంటే మేడమీది మరుగుదొడ్డి మూత మీద ఎక్కి, కిటికీలోంచి మెడ చాచాలి. నడవలో గోడకి ఒక నోటీసు వేలాడేది. పొద్దున పదింటికల్లా అందరూ బయటికి పోవాలి. సాయంత్రం ఐదున్నరకి గానీ తిరిగి రాకూడదు. స్నానం కావాలంటే ముందురోజు చెప్పుకోవాలి. అమ్మ ఏటా ఆ నోటీసు ముందు నిలబడి, "ఇది సెలవా, జైలా?" అనేది. నాన్న మాత్రం దాన్ని దేవుడి వాక్యంలా చదివేవాడు. "ఇల్లన్నాక ఓ పద్ధతుండాలి ఎల్సీ. పన్నెండేళ్ళ నుంచి వస్తున్నాం. ఆవిడకి మనమంటే గౌరవం."

ఆ ఏడు శనివారం దిగాం. ఆదివారం నుంచి వాన. ఊరికే జల్లు కాదు, సముద్రం మీంచి అడ్డంగా వచ్చి మొహం మీద కొట్టే వాన. పదింటికి బేకన్, గుడ్డూ తిని లేచేసరికి మిసెస్ బ్రేస్‌వెల్ తలుపు దగ్గర సిద్ధం. మమ్మల్ని లెక్కబెట్టుకుంటూ బయటికి పంపి, గడియ వేసేది.

ఇక ఏడున్నర గంటలు ఎక్కడుండాలి? తీరంలో పైన కప్పేసి, నాలుగువైపులా బెంచీలేసిన ఒక షెడ్డు ఉండేది. అందులో కూర్చునేవాళ్ళం, బర్న్‌లీ నుంచి వచ్చిన మా వీధివాళ్ళందరూ కూడా. నాన్న ఛాతీ నిండా గాలి పీల్చి, "ఆహా! ఈ గాలి చూడవే, ఊపిరితిత్తులకి మందు!" అనేవాడు.

"నీ ఊపిరితిత్తులు బాగున్నాయి, నా మేజోళ్ళు పిండితే బకెట్టెడు నీళ్ళొస్తాయి," అనేది అమ్మ.

"రేపు తెరిపిస్తుందే."

"నిన్నా ఇదే కూశావు."

మంగళవారం కెనెత్‌కి దగ్గు మొదలైంది. బుధవారం మధ్యాహ్నానికి వాడి నుదురు కాలిపోతోంది. అమ్మ వాడి మెడ మీద చెయ్యేసి చూసి, ఒక్క ఉదుటున లేచింది. "పదండి ఇంటికి."

నాన్న జేబులోంచి గడియారం తీశాడు. "రెండే అయిందే! ఇంకా మూడున్నర గంటలు..."

"క్లిఫర్డ్! పిల్లాడు పెనంలా కాలిపోతున్నాడు!"

వెళ్ళాం. నాన్న తలుపు కొట్టాడు. కొట్టడం అంటే అది కొట్టడం కాదు, పిల్లి గోకినట్టు. మూడోసారికి లోపల్నుంచి గొంతు వినబడింది. "ఎవరది?"

"నేనేనండి, క్లిఫర్డ్‌ని. మా పిల్లాడికి ఒంట్లో కాస్త..."

"ఐదున్నరకి రండి."

"అలాగేనండి. ఇబ్బంది పెట్టాను, ఏమీ అనుకోకండి," అన్నాడు నాన్న మూసిన తలుపుతో. అంతటితో ఊరుకున్నాడా? టోపీ కూడా తీశాడు!

అమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "తలుపుకి దండం కూడా పెట్టు, ఇంకేం! మగ్గం తిరగకపోతే మిల్లు మేనేజర్నే కడిగేస్తావు, ఈవిడ ముందు గంగిరెద్దులా తలూపుతావేమయ్యా?"

"పద్ధతి అంటే..."

"నీ పద్ధతిని పట్టుకుని నువ్వు ఇక్కడే ఉండు. మేవిస్, తమ్ముణ్ణి పట్టుకో."

ఇళ్ళ వెనకాల సందు ఉంది. అమ్మ పెద్ద పెద్ద అంగలేసుకుంటూ సందులోంచి పెరట్లోకి జొరబడింది. దారంతా ఆవిణ్ణి ఏమేం తిట్టాలో పైకే అనుకుంటోంది. సగం మాటలు నేనెప్పుడూ విననివి. వంటింటి తలుపుకి గడియ లేదు. తోసింది.

పొయ్యి పక్కన మిసెస్ బ్రేస్‌వెల్ కుర్చీలో కూర్చునే నిద్రపోతోంది. కాళ్ళు వేడినీళ్ళ బేసిన్‌లో ఉన్నాయి. మడమలు పగిలి ఎర్రగా ఉన్నాయి. ఒళ్ళో సగం చెక్కిన బంగాళాదుంప, పక్కన బకెట్టెడు చెక్కనివి. బొగ్గుపెట్టె వెనక మడతమంచం, దాని మీద ఆవిడ రాత్రిబట్టలు. తన గది కూడా మాలాంటి వాళ్ళకే ఇచ్చేసి, ఆవిడ వంటింట్లో పడుకుంటోందని నాకు అప్పుడు అర్థమైంది.

తలుపు చప్పుడుకి ఉలిక్కిపడి లేచింది. "ఎవరు మీరు? ఎలా వచ్చారు? ఐదున్నర..."

"గడియారం నాకూ కనిపిస్తోంది," అంది అమ్మ. అంతే. అన్నేసి తిట్లు కూడబెట్టుకుని వచ్చిన మనిషి, ఆ బేసిన్ వంకా, ఆ మడతమంచం వంకా చూసింది. "పొద్దున ఎన్నింటికి లేచారు?" అనడిగింది.

"నాలుగింటికి. రోజూ అంతే," అంది ఆవిడ. "పద్దెనిమిది మందమ్మా. పక్కలు మార్చాలి, మెట్లు కడగాలి, వండాలి. మనుషులు ఇంట్లో ఉంటే ఒకరికి టీ, ఒకరికి బొగ్గు. ఈ కాస్త వేళ తలుపేసుకోకపోతే నేను బతకను. నన్ను రాక్షసి అంటారు, నాకు తెలుసు."

"అన్నాను," అంది అమ్మ. "ఇప్పుడే దార్లో అన్నాను."

కెనెత్‌ని ఆ మడతమంచం మీద పడుకోబెట్టారు. మిసెస్ బ్రేస్‌వెల్ వాడికి వేడిపాలు పట్టింది. అమ్మ తడికోటు విప్పి, గోడకున్న ఏప్రన్ కట్టుకుని, బకెట్టు దగ్గరికి లాక్కుంది.

"అమ్మా, వీధిలో నాన్న..." అన్నాను.

"ఉండనీ. ఐదున్నరకి తీస్తారుగా."

సరిగ్గా ఐదున్నరకి నాన్న లోపలికొచ్చాడు. టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మేం మళ్ళీ తీరానికే పోయామనుకుని, మమ్మల్ని వెతుకుతూ మూడుసార్లు తీరమంతా తిరిగాడట. భోజనాల గదిలో సూపు వడ్డిస్తున్న అమ్మని చూసి నోరెళ్ళబెట్టాడు.

గురువారం, శుక్రవారం అమ్మ ఇల్లు కదల్లేదు. వెచ్చగా పొయ్యి దగ్గర కూర్చుని, మిసెస్ బ్రేస్‌వెల్‌తో పగలబడి నవ్వుతూ దుంపలు చెక్కింది. తీరంలో షెడ్డు కింద నాన్న తల ఎత్తుకోలేకపోయాడు. "ఏం క్లిఫర్డ్, సెలవులకి తీసుకొచ్చి పెళ్ళాం చేత అంట్లు తోమిస్తున్నావట?" అని మా వీధివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పలకరించారు. నాకూ మండింది. ఏడాదికొక్క వారం, అందులోనూ అమ్మ పనిలోనే!

మరుసటి ఏడు నాన్న పట్టుబట్టి ఇల్లు మార్చాడు. మూడు వీధుల అవతల కొత్త ఇల్లు. రోజంతా తలుపు తెరిచే ఉంటుంది, ఎప్పుడైనా రావచ్చు పోవచ్చు. వాన లేదు, ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. మంగళవారం మధ్యాహ్నం తీరంలో కుర్చీ వేయించి నాన్న వెనక్కి చూస్తే అమ్మ లేదు.

ఎక్కడుందో మా ఇద్దరికీ తెలుసు. నన్ను తీసుకుని విసవిసా నడిచాడు. దారంతా గొణుగుడే. 'సీ వ్యూ' పెరట్లోకి వెళ్ళేసరికి ఇద్దరు ఆడవాళ్ళూ గుమ్మం మీద ఎండలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు.

"ఎల్సీ, ఇంత ఎండ కాస్తుంటే ఇక్కడేం చేస్తున్నావే?" నాన్న గొంతు ఏడుపులా వచ్చింది. "నీ కోసమే కదే ఇల్లు మార్చాను!"

"నన్నడిగావా?" అంది అమ్మ, తల ఎత్తకుండా.

నాన్న అడగలేదు. పదమూడేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఆ సంగతి ఆయనకి అక్కడ, ఆ పెరట్లో, మొదటిసారి తట్టినట్టుంది.

మిసెస్ బ్రేస్‌వెల్ పక్కకి జరిగి చోటిచ్చింది. "కూర్చోండి క్లిఫర్డ్ గారూ. రాత్రికి ఇరవై మంది."

నాన్న కూర్చున్నాడు. కోటు విప్పి మోకాళ్ళ మీద పెట్టుకుని, ఓ గుప్పెడు కాయలు తీసుకున్నాడు. మగ్గాల మరలు బిగించే మొరటు వేళ్ళకి ఆ చిన్న కాయలు చిక్కడం లేదు. మాటిమాటికి నిట్టూర్పు విడుస్తూ, రెండు గింజలు గిన్నెలో వేస్తూ, ఒకటి నోట్లో వేసుకుంటుంటే అమ్మ ఆయన చేతి మీద ఒక్కటిచ్చింది.