మంగళవారం టికెట్

సంతోషి మొదటిసారి ఇమ్మాన్యుయేల్ నెట్ సెంటర్ మెట్లెక్కిన రోజున ఆమెకు మౌస్ పట్టుకోవడం కూడా రాదు. రెండేళ్లు గడిచేసరికి ఆమె ఉండే కొత్వాల్‌గూడ నుంచి షాద్‌నగర్ దాకా గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్లలో టికెట్ అవసరం పడితే ముందుగా ఆమె పేరే తలుచుకునేవారు.

నేర్చుకోవాల్సిన అవసరం మొగుడి వల్లే వచ్చింది. మల్లేశ్వర్ షార్జాలో ఓ పెద్ద లాండ్రీలో ఇస్త్రీ మిషన్ మీద పనిచేసేవాడు. కంపెనీ రెండేళ్లకోసారి టికెట్ ఇచ్చేది. నడుమ రావాలంటే సొంత ఖర్చు. పెళ్లయి నాలుగేళ్లు, అందులో రెండేళ్లు ఫోన్లోనే గడిచాయి. ఈసారి ఎట్లయినా రప్పించుకోవాలని ఆమె శంషాబాద్ బస్టాండు దగ్గరి ట్రావెల్స్‌లో అడిగితే రానుపోను ఇరవై రెండు వేలన్నారు. దిగులుగా బయటికొచ్చి, ఎదురుగా చెప్పుల దుకాణం పైన నెట్ సెంటర్ బోర్డు చూసి, ఏమైతే అదైందని పైకెక్కింది.

ఇమ్మాన్యుయేల్ నలభై దాటిన మనిషి. నెమ్మదస్తుడు. ఆమెను పక్క కుర్చీలో కూర్చోబెట్టి కంప్యూటర్లో చూపించాడు. అదే విమానం శుక్రవారం ఒక రేటు, మంగళవారం ఇంకో రేటు. పొద్దున ఉన్న రేటు మధ్యాహ్నానికి ఉండదు. షార్జా నుంచి హైదరాబాదుకు రోజూ విమానాలున్నాయి, సీట్లు నిండేదాన్ని బట్టి ధర ఎక్కుతుంది, దిగుతుంది. సంతోషి నాలుగు రోజులు వరసగా వచ్చి కూర్చుంది. ఐదో రోజు పదమూడు వేలకు టికెట్ దొరికింది. మల్లేశ్వర్ ఫోన్లో నమ్మలేదు. రూములో వాళ్లందరికీ చెప్పుకున్నాడు.

అట్లా మొదలైంది. ముందు మల్లేశ్వర్ రూములోవాళ్లు అడిగారు, తర్వాత వాళ్ల చుట్టాలు. ఇమ్మాన్యుయేల్ ఆమెకు ఒక కంప్యూటర్ ఇచ్చి, టికెట్ల మీద వచ్చేదాంట్లో సగం నీదే చెల్లె అన్నాడు. అరబ్బు దేశాల్లో బడులకు సెలవులెప్పుడో, రంజాన్ ఏ నెలలో పడుతుందో, ఏ వారం విమానాలు ఖాళీగా ఎగురుతాయో అన్నీ ఆమె నోటికొచ్చాయి. ఎవరు వచ్చినా ఆమె ఒకే మాట చెప్పేది: జర ఆగుండ్రి, మంగళవారం చూద్దాం. ఆగినవాళ్లకు మూడు వేలో నాలుగు వేలో మిగిలేవి. మూడున్నర గంటల ప్రయాణం, కర్నూలు బస్సు ఎక్కితే పట్టేంత సేపు, దానికి ఇరవై వేలు ఎందుకు పెట్టాలని ఆమె అందరినీ అడిగేది.

దానికి ఇంకో పక్క కూడా ఉంది. మల్లేశ్వర్ ఎప్పుడొచ్చినా ఎవరూ రాని రోజుల్లోనే వచ్చేవాడు. పండుగలు లేవు, పెళ్లిళ్లు లేవు. బతుకమ్మకు ఒక్కసారీ లేడు. అయినా ఆమెకు అది లోటనిపించలేదు. మిగిల్చిన డబ్బుతో మామిడిపల్లి దగ్గర వాళ్ల ఉమ్మడి భూమిలో రెండు గదులు వేసుకోవాలని ఆమె ఆశ. విమానాశ్రయానికి పోగా మిగిలిన ముక్క అది, ఎకరంన్నర. సగం మల్లేశ్వర్‌ది, సగం అతని అన్న యాదయ్యది. యాదయ్య షాద్‌నగర్‌లో ఇల్లు కిరాయికి తీసుకొని ప్లాట్ల బేరాలు చేసేవాడు. భూమి అమ్ముదామని అతను రెండు మూడుసార్లు కదిపితే సంతోషి వద్దనే అంది. ఆ మాటకు బావ ముఖం మాడ్చుకున్నాడు.

2011 నవంబరులో మల్లేశ్వర్ వచ్చి ఇరవై రోజులుండి పోయాడు. ఆ తర్వాత ఆమెకు నెల తప్పింది. ఐదేళ్లకు నిలిచిన కడుపు. ఆగస్టులో కాన్పు అన్నారు. కాన్పు నాటికి రావడానికి ఏ తారీఖు టికెట్ తీస్తే బాగుంటుందో ఆమె మార్చి నుంచే చూస్తూ వచ్చింది.

జూన్ చివర్లో ఒకరోజు పొద్దున కాళ్లు ఉబ్బి, కళ్లు మసకబారాయి. ఇమ్మాన్యుయేల్ భార్య డోర్కాస్ ఆటోలో పట్నం దవాఖానకు తీసుకుపోయింది. బీపీ బాగా పెరిగింది. తల్లిని దక్కించారు గాని పిల్ల దక్కలేదు. ఏడు నెలలు నిండిన ఆడపిల్ల. తలనిండా వెంట్రుకలు. యాదయ్యకు ఫోన్ చేస్తే ఆఫీసులో కాగితాల పని మీద ఉన్నానని, సాయంత్రం వస్తానని చెప్పి, రాలేదు. ఇమ్మాన్యుయేలే తెల్ల తువ్వాలలో చుట్టి ఎత్తుకొని, కొత్వాల్‌గూడ పక్కన హిమాయత్ సాగర్ వైపున్న శ్మశానంలో మట్టి చేసి వచ్చాడు. అతను క్రైస్తవుడు, వీళ్లది వేరే ఆచారం, ఏం చెయ్యాలో తెలియక తనకు తెలిసిన ప్రార్థనే చేశానని తర్వాత సంతోషితో చెప్పాడు.

మంచం మీది నుంచి ఆమె మల్లేశ్వర్‌తో మాట్లాడింది. అతను ఏడ్చాడు. తర్వాత రావాల్నా అని అడిగాడు. ఆమె ఒక పూట టైమడిగి ఇమ్మాన్యుయేల్‌ను రేటు చూడమంది. అక్కడ బడులకు సెలవులు మొదలయ్యాయి, కుటుంబాలన్నీ దేశానికి వస్తున్నాయి. ఇరవై ఆరు వేలు. రెండు వారాలు పోతే దిగొచ్చు. ఆమె అదే మొగుడికి చెప్పింది.

“నువ్వు చెప్పు. రమ్మంటే వస్త,” అన్నాడు మల్లేశ్వర్.

“ఆగు. రేటు దిగనీ.”

ఆ మాట ఆమె ఎందుకన్నదో ఆమెకే తెలియదు. రెండేళ్లుగా అందరికీ చెప్పి చెప్పి నోటికి అలవాటైన మాట. రేటు గీటు ఏంది, నేను వస్తున్న అని అతను అంటాడనుకుంది. అతను సరే అన్నాడు. ఆ సరేలో ఏదో బరువు దిగినట్టు ఆమెకు వినిపించింది. ఒంట్లో బాగాలేక అట్లా వినిపించిందని సరిపెట్టుకుంది.

రేటు దిగలేదు. జూలై రెండో వారంలో మూడు నాలుగు రోజులు అతని ఫోన్ కూడా పలకలేదు. తన మీద కోపమేమోనని ఆమె తిండి మానేసింది. తర్వాత ఫోన్ చేసి, ఫోన్ చెడిపోయిందని, బాగు చేయించుకున్నానని చెప్పాడు. ఇప్పుడొచ్చి చేసేదేముంది, ఫిబ్రవరిలో ఎట్లాగూ సెలవుంది కదా అన్నాడు. ఆమె అవునంది.

అక్టోబరులో ఆమె మళ్లీ నెట్ సెంటర్‌కు వచ్చింది. ఫిబ్రవరి టికెట్ ఇప్పుడే తీస్తే చవక. విమానం కంపెనీ సైటులో మల్లేశ్వర్ పేరుతో ఖాతా తెరిచింది ఆమే. పాస్‌పోర్టు నంబరు మాటిమాటికీ కొట్టే పని లేకుండా అందులో దాచిపెట్టి, పాస్‌వర్డ్ అతనికీ చెప్పింది. ఆ రోజు ఖాతా తెరిచి తారీఖులు చూస్తుంటే, చెయ్యి తప్పి పాత ప్రయాణాల మీద నొక్కింది. అక్కడ మూడు ప్రయాణాలుండాలి. నాలుగున్నాయి.

జూలై పదకొండు, బుధవారం, షార్జా నుంచి హైదరాబాద్. పద్నాలుగు, శనివారం, తిరుగు ప్రయాణం. ముందు రోజు కొన్న టికెట్. ముప్పై ఒక్క వేలు.

ఆమె ముందు సైటు తప్పు చూపిస్తుందనుకుంది. ఖాతా మూసి మళ్లీ తెరిచింది. అట్లాగే ఉంది. ఇమ్మాన్యుయేల్‌ను పిలిచి చూపించింది. అతను కళ్లద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివాడు. ఆమె కాగితం మీదికి ప్రింటు తీసింది. ఆ తర్వాత, కుర్చీలోంచి లేవకుండానే, ఫిబ్రవరి ఐదు, మంగళవారం టికెట్ కూడా తీసింది. పద్నాలుగు వేల రెండు వందలు. ఆ నెల మొత్తంలో అంతకంటే చవక లేదు.

కారణం తెలుసుకోవడానికి ఆమెకు వారం కూడా పట్టలేదు. మామిడిపల్లి వెళ్లి చూస్తే భూమి చుట్టూ రాతి కడీలు నాటి ఉన్నాయి, గేటుకు ఎవరిదో వెంచర్ బోర్డు ఉంది. పక్క చేను ముత్తమ్మ, సంతోషికి తెలిసే ఉంటుందనుకొని మామూలుగా చెప్పింది: జూలైలో అన్నదమ్ములిద్దరూ వచ్చి సంతకాలు పెట్టారట, ఆ పైసలతో షాద్‌నగర్‌లో హైవే మీద ప్లాట్లు తీసుకున్నారట. మీ ఆయన జర చిక్కిండు బిడ్డా, అంది. విమానం దిగి షాద్‌నగర్ పోయాడన్నమాట. అక్కడే అన్న ఇంట్లో మూడు రాత్రులు. ఆ మూడు రాత్రులూ సంతోషి కొత్వాల్‌గూడలో, ఆగని రక్తంతో, పాలు పడి గడ్డకట్టిన రొమ్ములకు డోర్కాస్ చెప్పినట్టు గుడ్డ కట్టుకొని పడుకుంది.

ఫోన్లో అడగలేదు. నాలుగు నెలలు అడగకుండా ఉంది. అడిగితే ఫోన్ పెట్టేస్తాడని, ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ ఒక మాట కూర్చుకుంటారని ఆమెకు తెలుసు. ముఖం చూసి అడగాలనుకుంది.

ఫిబ్రవరి ఐదున పొద్దున తొమ్మిదింటికి మల్లేశ్వర్ దిగాడు. ఆమె ఎదురుపోయింది. బయటికొచ్చే దారిలో కమ్మీల అవతల నిలబడి, సామాను బండి తోసుకుంటూ వస్తున్న మనిషిని చూసి, నిజంగానే చిక్కాడనుకుంది. ఇంటికొచ్చాక నీళ్లు కాచింది. కోడికూర వండింది. అతను కడుపునిండా తిన్నాడు. చెయ్యి కడుక్కొచ్చాక, పళ్లెం తీసిన చోట ఆ కాగితం పెట్టింది.

“గిది నువ్వేనా?”

అతను చూశాడు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. చదవడం రానివాడు కాదు.

“అన్నకు పాస్‌వర్డ్ చెప్పిన, అన్ననే తీసిండు టికెట్. నా పైసలు గాదు,” అన్నాడు చివరికి.

“ఎవ్వరివైతేంది. వచ్చినవా, రాలేదా?”

“రిజిస్ట్రేషన్‌కు తారీఖు పడ్డది. ఆ దినం దాటితే కొనేటోడు పోతుండె. నీకు చెప్తే భూమి అమ్మనియ్యవని అన్న భయం.”

“భూమి సంగతి చెప్పకపోతివి. ఇంటికి రావడానికేమైంది? షాద్‌నగర్ నుంచి ఎంత దూరం?”

వస్తే అన్నీ తెలిసిపోతాయని కదా, అని అతను నేల చూస్తూ గొణిగాడు. ప్లాటు తన పేరు మీదే ఉందని, కావాలంటే ఆమె పేరు కూడా చేర్పిస్తానని, హైవే మీద కాబట్టి ఐదేళ్లలో నాలుగింతలవుతుందని చెప్పుకుంటూ పోయాడు. ఆమె వింటున్నదో లేదో చూసుకోలేదు. ఆమె మధ్యలో అడ్డం పడింది.

“ఆ భూమికి తారీఖున్నది. పిల్లకు లేదా?”

అప్పుడు అతను తలెత్తాడు. ముఖంలో కోపం లేదు, అదే ఆమె ఎన్నటికీ మరిచిపోలేకపోయింది. నిజాయితీగా, అర్థం కాక అడిగినట్టే అడిగాడు.

“ఆగుమన్నది నువ్వే గద సంతోషీ?”

అన్నది ఆమే. ఆ మాట తీసుకొని అతను మూడున్నర గంటల దూరంలో నిశ్చింతగా కూర్చున్నాడు, మళ్లీ పదిహేను రోజులకు అన్న పిలిస్తే రేటు చూడకుండా లేచొచ్చాడు. రెండూ నిజమే. ఒకదాన్ని పట్టుకొని ఇంకోదాన్ని కొట్టడానికి ఆమెకు దారి కనబడలేదు. కాగితం తీసి మడిచి, పొయ్యి దగ్గరికి పోయి, గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

మూడో రోజు మల్లేశ్వర్ షాద్‌నగర్ పోయాడు. సెలవు మొత్తం అక్కడే ఉండి, తిరిగి పోయేటప్పుడు ఒక పూట వచ్చి, ఇంటి ఖర్చుకని డబ్బులు పెట్టి పోయాడు. ఆమె విమానాశ్రయానికి పోలేదు. తర్వాత కూడా వచ్చాడు, పోయాడు. టికెట్లు మాత్రం తనే తీసుకున్నాడు. విడిపోయారా అని అడిగితే లేదనే ఇద్దరూ చెప్పేవారు. నెలనెలా పైసలు పంపేవాడు. ఆమె అవి తీసుకునేది.

నెట్ సెంటర్‌కు ఆమె రోజూ వచ్చేది. కాని పని చేసే తీరు మారింది. ఎవరు టికెట్ కోసం వచ్చినా, తారీఖు కంటే ముందు ఎందుకొస్తున్నాడని అడిగేది. సెలవు మీదంటే మంగళవారం దాకా ఆపేది. ఇంట్లో ఎవరికన్నా బాగాలేదన్నా, కాన్పు అన్నా, రేపటి విమానం తీసి చూపించేది. అంత రేటా అంటే, అంతే అనేది. కింది రేట్లు అడిగినా చూపించేది కాదు. జనం బస్టాండు దగ్గరి ట్రావెల్స్‌కు పోవడం మొదలుపెట్టారు. సంతోషికి పాత చెయ్యి పోయిందని, కమీషన్‌కు మరిగిందని చెప్పుకున్నారు. గిట్లయితే గిరాకి ఉండదు చెల్లె అని ఇమ్మాన్యుయేల్ ఒకసారి మెల్లగా అన్నాడు. పోనీ అన్నా, అంది.

2013 సెప్టెంబరులో సత్తెమ్మ వచ్చింది. ఆమె కొడుకు మస్కట్‌లో ఉంటాడు. కోడలికి నొప్పులు ముందే వచ్చాయి, దవాఖానలో చేర్పించారు. కొడుకు రావాలి. సంతోషి మర్నాటి విమానం తీసింది. ఇరవై నాలుగు వేలు.

సత్తెమ్మ నోరు తెరిచింది. మంగళవారానికి పద్నాలుగని బస్టాండు దగ్గర చెప్పారంది.

“రేపటిది తీస్కో సత్తెమ్మా. ఆగకు,” అంది సంతోషి.

“నాలుగు దినాలకు పది వేలా బిడ్డా? నువ్వే గద మాకు గిట్ల ఆగుడు నేర్పినవ్.”

సంతోషి ఆమె చెయ్యి పట్టుకుంది. అట్లా పట్టుకోవడం చూసి సత్తెమ్మ బెదిరినట్టయింది. చెయ్యి విడిపించుకొని, కొడుకును అడిగి వస్తానని మెట్లు దిగిపోయింది. ఆ రోజు మళ్లీ రాలేదు.

పది రోజులకు వచ్చింది. చేతిలో మిఠాయి డబ్బా. మనుమరాలు పుట్టిందంది. కొడుకు మంగళవారమే దిగాడు. తల్లీ పిల్లా క్షేమం. నీ మాట వింటే పది వేలు ఊరికే పోతుండె అని నవ్వుతూ చెప్పి, ఒక లడ్డు తీసి ఆమె చేతిలో పెట్టింది.

“పిల్లకు వెంట్రుకలున్నయా?” అని అడిగింది సంతోషి.

“ఎక్కడివి. బోడిగున్నది,” అంది సత్తెమ్మ.

సంతోషి తల ఊపింది. లడ్డు సగం తుంచి ఇమ్మాన్యుయేల్ బల్ల మీద పెట్టి, మిగతా సగం నోట్లో వేసుకుంది. సత్తెమ్మ ఇంకా అక్కడే నిలబడి, కొడుకు తిరిగి పోవడానికి ఏ రోజు చవకగా ఉంటుందో జర చూడమంది.