పలక ఎవరి చంకలో

డాక్టరు కాఫీ మానెయ్యమన్న దగ్గర్నుంచి ఇరవై రోజులుగా మనూసోస్ కాఫీ కొట్టు ఛాయలకే వెళ్ళలేదు. గుండెకేమైనా అవుతుందని కాదు, భయమంతా పరువు గురించే. గ్రీసు దేశపు క్రీటు దీవి కొండల్లో ఆ ఊరివాళ్ళ లెక్కలో కొండ ఆకులు మరిగించిన టీ అంటే జ్వరమొచ్చినవాడు ముక్కు మూసుకుని తాగేది. కొట్లో కూర్చుని టీ అడిగాడంటే వాడి పని అయిపోయినట్టే. అరవై ఎనిమిదేళ్ళొచ్చినా రెండు వందల గొర్రెల్ని ఒంటిచేత్తో మేపుకొచ్చే మనిషి ఆ మాట ఎలా పడతాడు?

అయినా ఎదురింటి సిఫిస్ ఊరుకునే రకమా! వరసకు బావ, ఆటలో బద్ధశత్రువు. "మనూసోస్‌కి పాచికలంటే వణుకు పట్టుకుంది" అని ఊరంతా టముకు వేశాడు. ఆ ఊళ్ళో పాచికల ఆటలో ఓడినవాడు కాయలు జరిపే మడత పలకని చంకలో పెట్టుకుని, అందరూ చూస్తుండగా ఇంటికి నడవాలి. మనూసోస్ ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా మోయలేదు.

ఆ మాట చెవిన పడగానే మనూసోస్‌కి ఒళ్ళు మండిపోయింది. తనే కొండకొమ్మున పూలతో సహా కోసి ఎండబెట్టిన టీ ఆకు కట్ట జేబులో కుక్కుకుని, ఆదివారం చర్చి వదలగానే కొట్లోకి నడిచి, కొట్టు నడిపే ఆంతొనూసని కేకేశాడు.

"ఆంతొనూసక్కా, ఇది మరిగించు. దాల్చినచెక్క ముక్క, రెండు లవంగాలు వెయ్యి. దించాక తేనె."

పాచికలాడేవాళ్ళంతా ఆట ఆపి ఇటు తిరిగారు.

"అయ్యయ్యో, జ్వరమా బావా?" సిఫిస్ తొడ చరిచాడు. "అక్కా, ఓ దుప్పటి కూడా తే! ఫాదర్ దూరం పోకుండా చూడండ్రా, ఆఖరి ప్రార్థనకి అవసరం పడేలా ఉంది!"

అందరూ పగలబడి నవ్వారు. మనూసోస్‌కి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. లేచి పోదామనుకునేలోపే గ్లాసు వచ్చింది. దాని వెంటే కొట్టు నిండా పండగనాటి వంటింటి వాసన. ఒక గుక్క తాగాడు. ముందు తేనె తీపి, వెనకే లవంగం ఘాటు, ఆఖర్న ఎండుపూల చిరుచేదు. ఇంత కమ్మని దాన్నా ఇన్నాళ్ళూ మందనుకున్నాను, ఎంత వెర్రివాణ్ణి, అనుకున్నాడు.

"పలక తియ్యరా. ముందు ఏడాటలు గెలిచినవాడిదే పందెం."

మధ్యాహ్నానికి చెరో ఆరాటలు గెలిచారు. సిఫిస్ ఐదో కాఫీలో ఉన్నాడు. మోకాలు ఊగుతోంది, పాచికలు పడీ పడకముందే కాయ జరిపేస్తున్నాడు. మనూసోస్ మాత్రం ప్రతి ఎత్తుకీ ముందు ఓ గుక్క వేసి, ఆపైన ఆలోచిస్తున్నాడు. ఆఖరాటలో, రెండో గ్లాసు సగమయ్యేసరికి సిఫిస్ తొందరలో ఓ కాయని దెబ్బకి దొరికేలా ఒంటరిగా వదిలేశాడు.

"దాన్నక్కడ ఎవరికోసం వదిలావురా?"

"ఎనిమిది పడితేగా నువ్వు కొట్టేది! ముందు వెయ్యవయ్యా!"

పడింది. ఐదూ మూడూ. మనూసోస్ ఆ కాయని తీసి పక్కన పెట్టి, మిగతా ఆటంతా తాపీగా ముగించాడు. కొట్టు ఈలలతో దద్దరిల్లింది.

సిఫిస్ మొహం మాడ్చుకుని పలక మడిచి చంకలో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. వెనక్కి వచ్చి ఆంతొనూస చెవి దగ్గర గొణిగాడు. "అక్కా... ఆ ఆకు ఇంకా ఏమన్నా మిగిలిందా?"

మనూసోస్ విననే విన్నాడు. వీధి చివరిదాకా వినబడేలా గొంతెత్తాడు.

"అక్కా! మా బావకో టీ! దుప్పటి మర్చిపోకు!"

సిఫిస్ పలక చంకలో ఉండగానే టీ అంతా తాగి, ఇంకో గ్లాసు అడిగాడు.