ఎత్తిన చేతులు

అన్నలారా, హాస్టళ్లలో చదువుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! దేవుడికని ఎత్తిన చేతుల్ని కంపెనీకి ఎత్తినట్టు రాసుకున్నారు మా అక్క ఊళ్లో. పట్నంలోని కౌల్ బజార్‌లో మూటలు మోసే హమాలీని నేను. ఆ రోజు అక్కను చూడ్డానికి పోయి, అదంతా నా కళ్లతో చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ ఊరు వంకదిన్నె. ఆంధ్రా సరిహద్దు గుట్టల కింద ఉంది. ఇనుపరాయి కోసం గుట్టలన్నీ తవ్వేస్తున్న కాలం అది. ఊరి పైనున్న గుట్టను కూడా తవ్వాలంటే ఊరు ఒప్పుకుందో లేదో గ్రామసభ పెట్టి అడగాలని చట్టంలో ఉంది. ఆదివారం ఆరాధన అవగానే బడి ముందు షామియానా వేశారు. అడిగారా అంటే, అడగలేదు. కంపెనీ సూపర్‌వైజరు హొన్నప్ప మైకు పట్టుకుని, సభ మొదలయ్యే ముందు వాన కోసం ప్రార్థన చేయమని చర్చి పెద్ద జ్ఞానశేఖర్ తాతను బతిమాలాడు. ఈ తాత మా అక్క కృపమణికి మామ.

మిషన్ కాలం నుంచి మా వాళ్లకో అలవాటుంది. వాన ప్రార్థన అంటే కళ్లు మూసుకుని, పడే చినుకును పట్టుకుంటున్నట్టు రెండు చేతులూ పైకెత్తాలి. తాత ఎత్తమన్నాడు. మా వాళ్ల వాడ అంతా చేతులెత్తింది. అంతలో ఒకడు బెంచీ ఎక్కి టకటకా ఫోటోలు తీశాడు. పేపరువాడేమో అనుకున్నాం. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి సభ జరపడానికి వచ్చిన అధికారి జీపెక్కుతున్నాడు. సభ అయిపోయిందట, భోజనాలు చేయండన్నారు. ఇంత సిగ్గులేనితనం నేనెక్కడా చూడలేదు.

కొన్నాళ్లకు గుట్ట మీదికి యంత్రాలు వచ్చాయి. తవ్వగా పనికిరాని మట్టిని తెచ్చి ఊరి పక్కన పారే వంక గట్టున పోయసాగారు. వాడ జనం పోయి అడ్డంపడితే, హొన్నప్ప ఆ ఫోటో తీసి చూపించాడు.

"ఏందప్పా ఈ గలాటె? రెండేసి చేతులెత్తి ఒప్పుకున్యారు గదా. సూడండి, మీ మొగాలే."

"మేము దేవుణ్ణి వాన అడిగినాం సార్," అంది అక్క. "నిన్నేమీ అడగలే."

ఆ ఊళ్లో బోరు నీళ్లు నోట పెట్టలేం. తాగడానికి వంక ఇసుకలో తోడుకునే చెలమే దిక్కు. ఎగువ చెలమ బోయ వీధిది, దిగువది మా వాళ్లది. ఎగువ చెలమ దగ్గరికి మా వాళ్లు పోకూడదు. ఆ రోత అక్కడా ఉంది, నేనెందుకు దాచాలి? ఎవరి చెలమను వాళ్లు వంతులవారీగా తోడుకునేవారు. వంతున్న ఇంటివాళ్లు పొద్దున్నే పాత నీళ్లు చల్లేసి, పూడిన ఇసుక తీసి, కొత్త నీళ్లు ఊరాక మిగతా ఇళ్లను పిలవాలి.

మట్టి పోయడం మొదలయ్యాక చెలమలో ఎర్రనీళ్లు ఊరాయి. వంతులు లెక్కచేయకుండా మా బావ జాబెజ్ రోజూ దిగి తోడేవాడు. వదిలెయ్యమంటే వినేవాడు కాదు. అడిగిన వాన రానే వచ్చింది. పెద్దవాన పడ్డ మర్నాడు బావ చెలమలో ఉండగా గట్టు మీది మట్టికుప్ప జారి మీద పడింది. ఊరంతా చేతులతో తవ్వింది. బావ చేతిలో సత్తుగిన్నె అలాగే ఉంది. మా అక్క ఆ గిన్నెను కొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

సమాధి దగ్గర ప్రార్థన చేయాల్సింది జ్ఞానశేఖర్ తాతే. చేతులు పైకి లేపబోయి ఆగిపోయాడు.

"నేనే ఎత్తమంటిని గదమ్మా," అన్నాడు కోడలితో. "నా నోటితో నేనే ఎత్తమంటిని."

ఆ మాటకు అక్క మొదటిసారి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మూడోనాడు బోయ వీధి నుంచి దుర్గక్క వాడలోకి వచ్చింది. ఆ వీధి మనిషి మా చర్చి అరుగు మీద కూర్చోవడం అదే మొదలు.

"మా చెలమా పూడిపాయ, మీ చెలమా పూడిపాయ. ఇంగ ఎగువేంది, దిగువేంది? ఒకటే తవ్వుకుందాం రాండి. వంతులూ కలుపుకుందాం."

రెండు వీధులూ కూర్చున్నాయి. మాటా మాటా పెరిగింది. బోయ వీధి పెద్ద సుంకన్న ఒప్పుకోలేదు. అతని కొడుకులు కంపెనీ లారీలు తోలుతున్నారు. ఆ కూడు పోతే ఎవరు పెడతారని లేచాడు. వాడవాళ్లతో కలిసి చెలమ తోడేది లేదని కూడా అన్నాడు.

"కూడు తిన్యాక నీళ్లు యాడ తాగుతావన్నా?" అని అక్క నెమ్మదిగా అడిగింది. సుంకన్న తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజే చెలమ కమిటీ పుట్టింది. రెండు వీధుల ఆడవాళ్లే అందులో ఎక్కువ. ఇద్దరికీ కలిపి ఒకే చెలమ తవ్వి, ఒప్పుకోని సుంకన్న ఇంటికీ అందులో వంతు వేశారు. గుట్ట సంగతైనా వంక సంగతైనా ఇక మీద తామే కూర్చుని తేల్చుకోవాలని, ఆ మట్టి వంకలోకి రాకూడదని తీర్మానించారు. అర్జీలు పెట్టారు, ఎవడూ పలకలేదు. చివరికి లారీల దారి వంకను దాటే చోట అడ్డంగా గండి కొట్టారు. నేనూ పార పట్టాను. లారీలు గుట్ట పొడుగునా నిలబడిపోయాయి.

మధ్యాహ్నానికి పోలీసు వ్యాన్లు దిగాయి. ఇన్‌స్పెక్టరు లాఠీతో గండిని చూపించి, కన్నడం కలిసిన తెలుగులో అడిగాడు.

"ఇది తవ్వినోళ్లు యారో చెయ్యెత్తండి. మిగిలినోళ్లు మనెకు పోవచ్చు."

ఎవరూ కదల్లేదు. అప్పుడు జ్ఞానశేఖర్ తాత ముందుకొచ్చాడు. పార ఎత్తే సత్తువ కూడా ఆయనకు లేదని ఊరందరికీ తెలుసు. ఇన్‌స్పెక్టరు మొహంలోకి చూస్తూ రెండు చేతులూ పైకెత్తాడు. పక్కనే అక్క ఎత్తింది. దుర్గక్క ఎత్తింది. తర్వాత వంక పొడుగునా చేతులే. ఈసారి ఎవరూ కళ్లు మూసుకోలేదు.

వ్యాన్లు చాల్లేదు. తాతనూ అక్కనూ దుర్గక్కనూ పట్టినంతమందినీ ఎక్కించుకుపోయారు. కదులుతున్న వ్యాన్ కిటికీలోంచి అక్క గట్టిగా చెప్పింది.

"రేపు చెలమ తోడే వంతు సుంకన్నోళ్లది. మర్సిపోయేరు."

వస్తాడని నేననుకోలేదు. తెల్లారి పోయి చూస్తే సుంకన్న మోకాళ్ల లోతు చెలమలో నిలబడి ఇసుక తీస్తున్నాడు. కొడుకులిద్దరూ గట్టున నిలబడి అందుకుంటున్నారు. నీళ్లు ఊరాయి, ఇంకా కొంచెం ఎర్రగానే ఉన్నాయి. మొదటి బిందె తానే నింపి, భుజానికెత్తుకుని మా అక్క ఇంటికి నడిచాడు. ఆ ఇంట్లో తాగేవాళ్లు లేరు. ఒకరు మట్టిలో, ఇద్దరు జైల్లో. అయినా గడప పక్కన బిందె దించి, మూత పెట్టి, కంపెనీవాళ్లు గండి పూడ్చకుండా అక్కడ కాపలాకు పోయాడు.