సోమవారం గోరింటాకు

ఎండాకాలం బాగ్దాద్‌లో మేమంతా మేడ మీదే పడుకుంటాం. పొద్దు వాలగానే పరుపులు పైకి చేరతాయి. చుక్కలు ఒక్కొక్కటే వస్తుంటే మా మేడ మెల్లగా నేలను వదిలి నది మీదుగా తేలిపోతున్నట్టు ఉంటుంది నాకు. ఆ ఆదివారం సాయంత్రం మాత్రం ఆ చుక్కల్ని చూస్తే ఒళ్లు మండింది.

కారణం గుర్జియ్యా. పేర్లలో అక్షరాలు లెక్కకట్టి, చుక్కలతో సరిచూసి జోస్యం చెబుతుంది. మా యూదులకు అది కూడదని తెలిసీ వెళ్లాను. నా కూతుర్ని పక్కింటి మెనషీకి ఇవ్వాలనుకుంటున్నాం. పిల్లకి అతనంటే ప్రాణం. "వాణ్ణి చేసుకుంటే ఏడాది తిరక్కుండా పిల్ల పోతుంది" అంది గుర్జియ్యా. దాని నోట్లో మన్ను పడ!

మా పేట గురువు హాఖాం యామీన్ గారు చల్లగాలికి మా మేడెక్కితే, ఈ సంబంధం వద్దనుకుంటున్నానని చెప్పేశాను.

"ఏ పేరు చెప్పావు మసూదా?"

"లూలూ అని. నేను పెట్టిన పేరేగా!"

ఆయన నవ్వారు. "మూడేళ్లప్పుడు జ్వరంతో పిల్ల కళ్లు తేలేస్తే ఆ పేరు తీసేసి హయాత్ అని పెట్టాం కదమ్మా!"

మాలో అంతే. చావు పాత పేరుతో వెతుక్కుంటూ వస్తే, అలాంటివాళ్లు ఇక్కడెవరూ లేరని పంపించేస్తాం. హయాత్ అంటే ప్రాణం. పైకి అలాగే పిలుస్తాను గానీ, లోపల నాకింకా లూలూనే.

"అయితే హయాత్ పేరుతో మళ్లీ చూపిస్తా!" లేచాను.

"కూర్చో! అదీ బాగోలేకపోతే మూడో పేరు పెడతావా? ఆ జ్వరమప్పుడూ గుర్జియ్యా ఏమంది? శుక్రవారం దాటదంది. ఆ దాటని పిల్లే పదిహేనేళ్లు దాటొచ్చి ఇవాళ నీకు రొట్టెలు కాలుస్తోంది."

మళ్లీ కూర్చున్నాను.

"అబ్రహాము తాత కూడా చుక్కలు చూసుకుని, నాకు పిల్లల యోగం లేదన్నాట్ట. దేవుడు ఆయన్ని చుక్కల పైకెత్తి, ఇప్పుడు కిందికి చూడు అన్నాడని పెద్దలు వివరించారు. రేపటి సంగతి తవ్వకమ్మా. వచ్చినదాన్ని ఆయన చేతినుంచే తీసుకో."

ఒక్క క్షణం నేనూ ఆ పైనే ఉన్నాను. కింద బాగ్దాద్ మేడలన్నీ దీపాలతో నది పక్కన పడుకున్నాయి. ఒక మేడ మీద నా పిల్ల పరుపు దులుపుతోంది.

"భయంగా ఉంది హాఖాం గారూ."

"ఉండనీ. భయపడుతూనే పెళ్లి చెయ్యి."

పిట్టగోడ అవతలనుంచి మెనషీ తల్లి కేకేసింది. "వదినా, ఏమనుకున్నారు? మంగళవారం పెళ్లి గోరింటాకు పెడదామా?"

సృష్టి చేస్తూ దేవుడు మంగళవారాన్ని రెండుసార్లు మంచిదన్నాడు. సోమవారాన్ని ఒక్కసారీ అనలేదు. అందుకే ఆ రోజు మావాళ్లు ఏ పనీ మొదలుపెట్టరు.

"మంగళవారం దాకా ఎందుకు? రేపే!"

"సోమవారమా? మతి పోయిందా నీకు?"

"పోయింది. నువ్వు ఆకు నూరు."

ఆ మూల పరుపు వదిలేసి, నమ్మలేనట్టు నన్నే చూస్తోంది పిల్ల.

"హయాత్!" అన్నాను. పదిహేనేళ్లలో మొదటిసారి లోపలా అదే పేరు వినబడింది.

"అమ్మా" అంది.