వేపాకు నీళ్ళు

నేను మెట్లెక్కుతున్నానని తెలియగానే లోపల బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు మొదలవుతుంది. మా అత్తయ్య కన్నాంబ తలుపు తీసి ఒక అడుగు వెనక్కి వేసి, "వేన్నీళ్ళు పెట్టుండాను. వేపాకు గూడా ఏసినా. ముందు స్నానం చేసిరా తల్లీ" అంటుంది. ఆ పిలుపులో కల్మషం లేదు, అదే నా చిక్కు. తిట్టే మనిషైతే తిరిగి ఓ మాట అనొచ్చు. వేన్నీళ్ళు తోడిపెట్టే మనిషిని ఏమనను?

నేను అంబత్తూరులో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. గ్రానైట్, టైల్స్, మట్టి, ఎవరు ఏది పంపినా అందులో యురేనియం జాడ ఎంత ఉందో గామా కిరణాలను కొలిచి చెప్పడం నా పని. ఒంగోలు నుంచి వచ్చి హాస్టల్లో ఉన్న రోజుల్లో అది మంచి ఉద్యోగం. అమ్ములు పుట్టి, సెలవు ముగించి మళ్ళీ వెళ్ళిన రోజు నుంచి అణు ఉద్యోగం అయింది. చూలై పేటలో మా ఇంటి కిందే స్పేర్ పార్ట్స్ కొట్టు నడిపే నా భర్త రఘురామ్, రేడియేషన్ ఒంటికి అంటుకుంటుందని ఏదో వీడియో చూసి వాళ్ళమ్మకు చెప్పాడు. అంతే, బకెట్ వచ్చింది. "స్నానం చేస్తే నీ సొమ్మేం పోతాది సునయనా, పెద్దామె తృప్తి" అంటాడు. పోయేదేమిటో అతనికేం తెలుసు. రోజంతా నన్ను చూడని పిల్ల కాళ్ళకు అడ్డం పడుతుంటే దాన్ని తప్పించుకుని బాత్‌రూమ్‌లో దూరాలి. బయట అది ఏడుస్తుంటే లోపల నేను సబ్బు రుద్దుకోవాలి. నిజం చెప్పాలంటే ఆ కాసేపు నాకు ఇష్టం కూడా. రోజు మొత్తం మీద నేను గడియ వేసుకోగలిగిన తలుపు అదొక్కటే. ఇష్టమైనందుకు సిగ్గు, సిగ్గుపడినందుకు కోపం, ఆ కోపంతోనే వంటింట్లోకి వెళ్ళి పప్పు కుక్కరెక్కించడం.

చెప్పక కాదు. యురేనియం అందరి కాళ్ళ కింద నేలలోనూ ఉన్నదే అత్తయ్యా, 238 అని ఒకటి, 235 అని ఒకటి, పేరు ఒకటే, బరువులోనే తేడా అన్నాను. అది తనంతట తాను గామా పెద్దగా చూపదు, విరుగుతూ విరుగుతూ వేరే పదార్థాలవుతుంది, వాటిని మావాళ్ళు కూతుళ్ళంటారు. రాతిపొడిని డబ్బాలో పోసి మూత బిగించి నెల్లాళ్ళు ఆగితే కూతుళ్ళు కుదురుకుంటారు, వాళ్ళను కొలిచి తల్లి ఎంతుందో లెక్కగడతాం. అత్తయ్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ శ్రద్ధగా విని, "కొడుకులు లేరా దానికి?" అంది. లేరన్నాను. "అయితే దాని పని జరగతాదిలే" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. మర్నాడు సాయంత్రం మళ్ళీ బకెట్ బకెట్టే.

మొన్న ఒకరోజు అమ్ములు గుమ్మంలోనే నిలబడి ఉంది. ఏడాదిన్నర పిల్ల. నన్ను చూసి చేతులు చాచలేదు. వాళ్ళ నానమ్మలాగే ఒక అడుగు వెనక్కి వేసి, బాత్‌రూమ్ వైపు వేలు చూపించి, "అమ్మ, తానం" అంది. కాఫీకి పైకొచ్చిన రఘురామ్ దాని తెలివికి మురిసిపోయాడు. నేను దాన్ని తాకకుండా పక్కనుంచి బాత్‌రూమ్‌లోకి నడిచాను. భోజనాల దగ్గర అతనే అన్నాడు: "ఎందుకొచ్చిన గొడవ, నెలాఖరుకి మానేసెయ్. కొట్టు లెక్కలు నువ్వే చూసుకోవచ్చు గదా." జీతం లేని ఉద్యోగం కూడా సిద్ధంగా ఉంచాడు. నేను మజ్జిగ పోసుకున్నాను.

శనివారం గామా మీటరు ఇంటికి తెచ్చాను. సోమవారం పొద్దున్నే నేరుగా ఒక రాళ్ళ యార్డుకు వెళ్ళాలి, అందుకని అడిగి తెచ్చుకున్నాను. అత్తయ్య దాన్ని చూసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇది కొలిచేదే అత్తయ్యా. థర్మామీటరుకు జ్వరముంటుందా? ఈ పూట స్నానానికి ముందే చూద్దాం" అన్నాను.

నా జుట్టు, చేతులు, ఆఫీసు చుడీదార్, అన్నిటి దగ్గరా పెట్టాను. అంకె కాస్త అటూ ఇటూ ఊగి నిలిచింది. తర్వాత అత్తయ్య అరచేతులు, అమ్ములు బుగ్గలు, రఘురామ్ పొట్ట. అందరిదీ ఇంచుమించు అదే అంకె. "టార్చి వెలుగు మీద పడితే ఒంటికి అంటుకుని ఇంటిదాకా వస్తుందా? ఇదీ అంతే. అంటుకునేది పొడి. ల్యాబ్ కోటూ గ్లవుజులూ అక్కడే విడిచి, చేతులు కడుక్కునే వస్తాను."

అత్తయ్యకు భయం పోయి సరదా పుట్టింది. ఆడ పెట్టు, ఈడ పెట్టు అంటూ దేవుడి గూడు, బియ్యం డబ్బా, ఫ్రిజ్జు, ఇల్లంతా తిప్పింది. వంటింట్లో స్టవ్ పక్కన, రఘురామ్ ఏరికోరి వేయించిన ఎర్ర గ్రానైట్ గట్టు మీద పెట్టగానే మీటరు చిటపటలు ఎక్కువయ్యాయి. అంకె పైకి పాకి దాదాపు రెట్టింపయింది.

ముగ్గురం దాన్నే చూస్తున్నాం. నేను నోరు మూసుకుంటే చాలు, ఆ గట్టు దగ్గరికి నన్నిక పోనివ్వరు, ఈ ఇంట్లో వంట ఎవరిదన్న సంగతి ఈ పూటతో తేలిపోతుంది. మహా ఆశ పుట్టింది. కానీ కొలిచింది కొలిచినట్టు చెప్పడం నా పని. "ఇలాంటి ఎర్రరాళ్ళలో కాస్త ఉంటుంది. ఇంత కొంచెంతో ఎవరికీ ఏమీ కాదు" అన్నాను.

రఘురామ్ ఊపిరి పీల్చుకున్నాడు. "ఏమీ గాదంట మా" అన్నాడు.

అత్తయ్య గట్టు మీద చెయ్యి ఆనించి నిలబడింది. "రేయ్ రఘూ, నువ్వీ రాయి ఏయించినప్పట్నించీ దినామూ ఈడనే నిలబడుండాను. ఈ పిల్లా అంతే. మాకెవురన్నా బకెట్లో నీళ్ళు తోడినారా? పని మానుకోమన్నారా?"

"ఏమీ గాదని ఆమే చెప్తా ఉండాది గదా."

"ఆమా, చెప్పింది. ఈడ ఇంతుంటేనే ఏమీ గాదంటే, ఈ పిల్ల ఒంటిమీద అదీ లేదు గదరా. దాన్నెందుకు మానమంటావు?"

రఘురామ్ మీటరు వైపు చూశాడు. చెయ్యి చాచి దాన్ని గట్టు మీంచి తీసి పక్కన పెట్టాడు.

అత్తయ్య నా గడ్డం పట్టుకుంది. "ఇన్నాళ్ళు బిడ్డని నీ కాడికి రానియ్యకపోతిని. నామీద కోపమొచ్చిందా తల్లీ?"

"వచ్చింది. నిలవలేదు" అన్నాను. ఇద్దరికీ ఏడుపొచ్చింది.

మంగళవారం ల్యాబ్ నుంచి వచ్చేసరికి నీళ్ళ చప్పుడు లేదు. తలుపు తెరిచే ఉంది. నేను గుమ్మంలో గొంతుక్కూర్చుని చేతులు చాచాను. అమ్ములు వేలు సగం ఎత్తి, నానమ్మ వైపు చూసింది. "పో, మీ అమ్మే" అంది అత్తయ్య. అది పరుగెత్తుకొచ్చి నా మెడ పట్టుకుంది. దాని నెత్తిన కొబ్బరినూనె వాసన.

తర్వాత పిల్లను రఘురామ్ చేతికిచ్చి, టవల్ భుజాన వేసుకుని నేనే కుళాయి కింద బకెట్ పెట్టి తిప్పాను.

"ఇంకా ఎందుకు స్నానం? ఏమీ లేదని నువ్వే తేల్చినావు గదా. పప్పు ఎవురు పెడతారు?" అన్నాడు.

"ఇది నా కోసం" అని లోపలికి వెళ్ళి గడియ వేసుకున్నాను.

తలుపవతల అత్తయ్య గొంతు వినబడింది. "కుక్కరు ఆ రాయిమీదే ఉండాది రఘూ. ఏమీ గాదంట గదా, పోయి నిలబడు."