చెక్క నేల మీద పెళ్ళి

మా అక్క నోరీన్ పెళ్ళి ఇంకో రెండు వారాలుందనగా, హాలువాళ్ళతో ఆఖరి మాటలు మాట్లాడుకోవడానికి అక్కా, కాబోయే బావ డ్వైట్, నేనూ వెళ్ళాం. మా ఊరు రోచెస్టర్‌లో నది ఒడ్డున ఉన్న పాత పిండిమిల్లు అది. ఇప్పుడు పెళ్ళిళ్ళకు ఇస్తున్నారు. అక్కకూ డ్వైట్‌కూ పుట్టుకతోనే వినపడదు. మా అమ్మానాన్నలకూ అంతే. ఇంట్లో వినపడేది నా ఒక్కడికే. అందుకని ఊహ తెలిసినప్పటినుంచీ, బ్యాంకులోనైనా డాక్టరు దగ్గరైనా, వాళ్ళ సైగలను మాటలుగానూ ఎదుటివాళ్ళ మాటలను సైగలుగానూ మార్చే పని నాది.

హాలు మేనేజరు బ్రెండా మంచి మనిషే. అక్కతో ఆప్యాయంగా చేయి కలిపి, ఆపైన మాత్రం నా ముఖం చూస్తూనే మాట్లాడింది. కేకు ఎప్పుడు కోస్తారట వాళ్ళు, అని నన్నే అడిగింది. అక్క ఆమె మోచేతిని మెల్లగా తట్టింది.

"పెళ్ళికూతుర్ని నేనండీ, నన్నడగండి. వీడికింకా పిల్లే దొరకలేదు."

ఆ మాటనూ నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చింది. బ్రెండా నవ్వింది. కాసేపటికే చూపు మళ్ళీ నా వైపు జారింది.

కింది హాల్లో మా కోసం ఒక టేబులు సర్ది ఉంచారు. పాదం దిగబడేంత మందపు తివాచీ, గుడ్డి వెలుతురు, కొవ్వొత్తులు. టేబులు మధ్యలో కూర్చున్న మనిషి తలకన్నా ఎత్తైన పూలకుండీ. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఆ చీకట్లో చేతులు కనపడవు, ఆ కుండీ అడ్డంగా ఉంటే ఎదురుగా కూర్చున్నవాడి ముఖం కనపడదు. మా వాళ్ళకు అది నోటికి గుడ్డ కట్టినట్టే. అక్క ఆ సంగతి చెబితే, కుండీలు మారుస్తాం గాని దీపాలు మాత్రం మా హాలు పద్ధతి, మార్చం అంది బ్రెండా. తరువాత చాలా ప్రేమగా ఇంకో మాట కలిపింది.

"పెద్ద స్పీకర్లు మీకెందుకులే అని తీసేయించాను."

నేను సైగ చేస్తుండగానే డ్వైట్ ముఖం ఎర్రబడింది. అతని స్నేహితుల బృందం పెళ్ళికి డ్రమ్ములు వాయించబోతోంది, ఆ దెబ్బ ఒంటికి తగలాలంటే పెద్ద స్పీకర్లు ఉండాల్సిందే. ఇక్కడొద్దు పోదాం పద, మనం చదివిన బధిరుల బడి జిమ్‌లో చేసుకుందాం అన్నాడు. అక్క అతణ్ణి ఆగమని, నా వైపు తిరిగింది.

"ఒరేయ్, చేతులు జేబులో పెట్టుకుని ఆ గుమ్మం దగ్గర నిలబడు. నేను పిలిచేదాకా నోరెత్తకు."

నా జన్మలో ఆ పనినుంచి నాకెవరూ సెలవివ్వలేదు. వెళ్ళి నిలబడ్డాను.

అక్క బ్రెండాను కూర్చోబెట్టి, తాను కుండీకి అవతల కూర్చుని సైగలు మొదలుపెట్టింది. ఎవరికైనా అర్థమయ్యే సైగలే. బ్రెండా ఎడమకు వంగింది, కుడికి వంగింది. నా వైపు చూసింది. నేను కదల్లేదు. చివరికి కుండీని తనే ఎత్తి కింద పెట్టింది. కళ్ళు చిట్లించి ఇంకాసేపు చూసి, లేచి గోడ దగ్గరికెళ్ళి హాల్లో ఉన్న దీపాలన్నీ వేసేసింది.

అప్పుడు అక్క చెప్పులు విడిచి తివాచీ మీద గట్టిగా కాలు తాటించి, అదురేమీ తెలియడం లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. గుండె మీద చేత్తో డ్రమ్ము కొడుతున్నట్టు చూపించి, వేలు పైకప్పు వైపు పెట్టింది. లోపలికి వచ్చేటప్పుడు తను పై అంతస్తు పెద్ద కిటికీల వంక చూడటం నేను గమనించాను. బ్రెండా ఒక్క నిమిషం ఆలోచించి, తాళాలు తీసుకుని లిఫ్టు వైపు నడిచింది.

పైన అంతా పాత చెక్క నేల. మిల్లు రోజులనాటిది. మూడు వైపులా కిటికీలు, ఒక మూల పేర్చిన కుర్చీలు. డ్వైట్ ఆ చివర మడమతో తాటిస్తే, ఈ చివర కళ్ళు మూసుకుని నిలబడ్డ అక్క ప్రతిసారీ చేయి ఎత్తింది. బ్రెండా కూడా బూట్లు విప్పి నిలబడింది. డ్వైట్ మళ్ళీ తాటించాడు. ఆమె తన పాదాల వంక చూసుకుంది. అప్పుడు అక్క నన్ను పిలిచింది.

"ఈ గది ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు. మా ఓనర్ని ఒప్పించాలి. ఒప్పిస్తాను" అంది బ్రెండా. మాటలు నేను మారుస్తూనే ఉన్నాను గాని, ఆమె చూస్తున్నది అక్కనే.

ఆ వారమంతా ఆమె ఓనరుతో పోట్లాడింది. నేల ఎంత బరువు మోస్తుందో ఇంజనీరు చేత చూపించింది. స్పీకర్లను తిరిగి తెప్పించి, మూతులు చెక్కలకు ఆనేలా బోర్లా పెట్టించింది.

పెళ్ళినాడు ఆ గది పట్టపగల్లా ఉంది. గుండ్రటి బల్లలు, గుప్పెడెత్తు పూలు. ఈ మూల కూర్చున్న అత్తయ్య ఆ మూల కూర్చున్న మామయ్యను, నలుగురు చూస్తుండగా, మూడో ప్లేటు కేకు చాలించమని సైగలతోనే తిడుతోంది. ఉంగరాలు మార్చుకోగానే గదిలో చేతులన్నీ పైకి లేచి చప్పట్లకు బదులుగా గాలిలో రెపరెపలాడాయి.

తరువాత డ్రమ్ములు మొదలయ్యాయి. ఆ దెబ్బ చెక్కల్లోంచి అరికాళ్ళకు, అరికాళ్ళనుంచి పక్కటెముకలకు పాకింది. బంధువుల పెళ్ళిళ్ళలో మా నాన్న ఎప్పుడూ గోడవారన కుర్చీలో కూర్చుని, అందరి కోట్లూ బ్యాగులూ కాపలా కాసేవాడు. ఆ రోజు ఆయన బూట్లు విప్పి, మేజోళ్ళు మడిచి జేబులో పెట్టుకుని, అక్క దగ్గరికి వచ్చి చేయి చాపాడు. ఇద్దరూ గది మధ్యలో తాళం ఒక్కటి తప్పకుండా ఆడారు. ఆ రాత్రి నన్ను మాటలు మార్చి చెప్పమని అడిగినవాళ్ళు లేరు. నేనూ బూట్లు విప్పేశాను.