చుక్క తర్వాత ముప్పై

రబ్బరు వాషర్లు మళ్లీ మెత్తగా వచ్చాయి. వేలితో నొక్కితే గుంట పడుతున్నాయి. పది రోజుల సరుకు వెనక్కి వచ్చి గోడ పక్కన గుట్టగా పడి ఉంది.

"వేళ కాకముందే ఓవెన్ తలుపు తీస్తున్నాడమ్మా వీడు. పని ఎగ్గొట్టే రకం" అని మేస్త్రీ మేనేజరమ్మకు కాగితం రాసిచ్చాడు. వీడంటే అతని సొంత బావమరిది. ఓవెన్ దగ్గర పనిచేస్తాడు. నోరు విప్పడని అందరూ మూగన్న అంటారు. కాగితం మీద సంతకం పడితే సాయంత్రానికి అతని ఉద్యోగం ఊడినట్టే.

మూగన్న జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. మేస్త్రీ చేతిరాత. 2.30.

"రెండున్నర గంటలు. సరిగ్గానే రాశాగా?" అన్నాడు మేస్త్రీ.

"కొత్త ఓవెన్ గంటని వంద భాగాలు చేస్తుంది బావా. అరవై కాదు."

"అబ్బో! అయ్యగారికి మాటలొచ్చాయే!"

"ఉత్త 0.30 పెట్టి చూడండమ్మా. చేతి గడియారం పట్టుకోండి."

ముగ్గురూ ఖాళీ ఓవెన్ ముందు నిలబడ్డారు. మేస్త్రీ పళ్లు కొరుకుతూ ఒకటే అటూ ఇటూ తిరిగాడు. ఓవెన్ గంట మోగింది. మేనేజరమ్మ గడియారంలో పద్దెనిమిది నిమిషాలే అయ్యాయి.

"అంటే రోజూ పన్నెండు నిమిషాలు తక్కువ ఉడికిందన్నమాట" అందామె. మేస్త్రీ మొహం మాడిపోయింది. ఆమె మూగన్న వైపు తిరిగింది. "నీకెప్పుడు తెలిసింది?"

నిన్ననే అంటే సరిపోయేది.

"మొదటి రోజే. ఓవెన్ మీద చుక్క తర్వాతి అంకె యాభైతొమ్మిది దగ్గర తిరగలేదు. తొంభైతొమ్మిది దాకా పోయింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పబోయా. నాలుగో క్లాసు మొహానివి, నాకు లెక్కలు నేర్పుతావురా అని పదిమందిలో తిట్టాడు. సరే, ఆయన రాసిందే పెడదామనుకున్నా."

"పది రోజులూ?"

"పది రోజులూ."

మేనేజరమ్మ కాగితం చించలేదు. అందులో రాసిన కారణం కొట్టేసి, వేరే కారణం రాసి సంతకం పెట్టింది. "అతను తెలియక పాడుచేశాడు. నువ్వు చూస్తూ పాడుచేశావు. వెళ్లు."

మూగన్న చొక్కా మార్చుకుని వచ్చేసరికి మేస్త్రీ ఓవెన్ ముందు చీటీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. తర్వాతి సరుకు గంటా నలభై నిమిషాలు ఉడకాలి. చుట్టూ జనం పని ఆపి చూస్తున్నారు.

"ఎంత పెట్టాలిరా?" గొంతు తగ్గించి అడిగాడు.

"నలభైని అరవైతో భాగించుకో" అన్నాడు మూగన్న, అందరికీ వినబడేలా.

"నీ అక్క మొహం చూసైనా చెప్పి చావరా!"

మూగన్న అప్పటికే వాకిలి దాటాడు. వెనక మేస్త్రీ పెన్సిలు గోడ మీద నాలుగు రాసి, ఆ పక్కన సున్నా పెట్టి, అక్కడే ఆగిపోయింది.